ముందు కూర్చున్నాను

మొన్న గవర్నర్‌పేటలో ఒక షాపులో కొత్త చెప్పులు వేసుకుని నాలుగడుగులు వేశానో లేదో, మడమ దగ్గర కరిచాయి. ఆ తోలు వాసనకీ, ఆ మంటకీ రాఘవయ్య గారు గుర్తుకొచ్చారు.

ఆ షాపున్న వీధిలోనే మేడమీద ఆయన చిన్న ప్రచురణ సంస్థ ఉండేది. నేను ప్రూఫులు దిద్దేదాన్ని. ఆయన నేత కుటుంబంలో పుట్టిన మనిషి. చీరను తిరగేసి చూడనిదే బాగుందనేవారు కాదట వాళ్లింట్లో. అనువాదాన్నీ అలాగే తిరగేసేవారు. నన్ను తెలుగు చదవమని, తాను ఇంగ్లీషు పుస్తకంలో వేలు పెట్టుకుని వినేవారు. నా మొదటి అనువాదం ఆయన ఇచ్చిందే. మధ్యయుగాల్లో యూరపు నుంచి జెరూసలేముకు వెళ్లిన ఒక క్రైస్తవ సన్యాసి రాసుకున్న యాత్ర అది. వెళ్లడం ఆ సన్యాసికి బొత్తిగా ఇష్టం లేదు. మఠం పెద్ద పొమ్మంటే కాదనలేక బయలుదేరాడు. ఓడలో వాంతులు, సత్రాల్లో నల్లులు, కరిచే చెప్పులు, పుస్తకం నిండా సణుగుడే.

నాకది నచ్చలేదు. మా ఇళ్లలో కాశీకి వెళ్లొచ్చినవాళ్లు నల్లుల సంగతి చెప్పినా, గంగ గురించి చెప్పాకే చెబుతారు. పైగా వేరే మతం వాళ్ల పుణ్యక్షేత్రం, తక్కువ చేసి రాశానంటారేమోనని భయం. అందుకే సణుగుడు కత్తిరించి భక్తి దట్టించాను. జెరూసలేము మొదటిసారి కనబడినచోట ఆ సన్యాసి రాసింది రెండే ముక్కలు: ఊరు కనబడింది, ముందు కూర్చున్నాను. నేను తనువు పులకించగా ఆనందబాష్పాలతో మోకరిల్లితినని అరపేజీ అల్లాను.

రాఘవయ్య గారు పుస్తకంలోంచి వేలు తీయలేదు.

"ఈ పులకింత ఆయనదా అండీ, మీదా?"

నెలలో సరిచేయకపోతే పుస్తకం వేరేవాళ్లకు ఇస్తానన్నారు. మా బైండింగు మరియమ్మ ఏటా హనుమాన్ జంక్షన్ నుంచి గుణదల మాత తిరునాళ్లకు నడిచి వెళుతుందనీ, ఈసారి నన్నూ వెళ్లమనీ చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. అనువాదానికీ కాళ్లకీ ఏం సంబంధం? కానీ నా పేరు అచ్చయ్యే మొదటి పుస్తకం, వదులుకోలేను. విధిలేక కొత్త చెప్పులేసుకుని బయలుదేరాను.

గన్నవరం చేరకముందే మడమలు పుండ్లయ్యాయి. అడుగడుక్కీ రాఘవయ్య గారిని తిట్టుకున్నాను. ఇంకా ఎంత దూరమని నాలుగోసారి అడిగితే మరియమ్మ నవ్వింది.

"అడగమాకండి మేడం. అడిగేకొద్దీ పెరుగుద్ది."

రెండోరోజు కొండమీద శిలువ కనబడింది. ఏ పులకింతా రాలేదు. రోడ్డు పక్కన కూలబడి చెప్పులు విప్పాను. మరియమ్మా కూర్చుంది. కాసేపటికి చూస్తే ఇద్దరం ఏడుస్తున్నాం. ఆమె ఎందుకో నాకు తెలియదు. నేను మాత్రం, అన్ని తిట్లు తిట్టుకుంటూ కూడా వెనక్కి తిరగనందుకు. ఆ సన్యాసీ తిరగలేదు.

కుంటుకుంటూ ఆఫీసుకు వెళ్లి అరపేజీ కొట్టేశాను. నల్లులన్నిటినీ ఎక్కడివక్కడ పెట్టాను. రాఘవయ్య గారు చివరిదాకా విని, ప్రెస్సుకి పంపమన్నారు. మీరెప్పుడైనా అలా నడిచారా అని ఉక్రోషంగా అడిగాను. "నాకు మోకాళ్ల నొప్పులండీ" అన్నారు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను మంచి అనువాదకురాలిననే పేరు తెచ్చుకున్నాను, చెప్పుకోవడానికి మొహమాటం లేదు. ఇప్పటికీ ఒక వాక్యం మరీ అందంగా వస్తే ఆగి, ఆ అందం ఎవరిదని చూస్తాను. నాదైతే కొట్టేస్తాను.

షాపతను వేరే జత తీయమంటారా అని అడిగాడు. ముందు కూర్చున్నాను.