ఆకాశంలో కోయాల్సింది

పదకొండేళ్లుగా నేను మోస్తున్న బరువు మూడు వేళ్ల వెడల్పున్న ఫొటో ముక్క. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకూ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మంచిర్యాలలో నాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు, పుట్టినరోజులు. అదంతా పొట్ట కోసం. నా ప్రాణమంతా గోదావరి మీదే. వానలు తగ్గి, నీళ్లు తేటపడి, అవతలి గట్టున రెల్లు తెల్లగా విరిసే ఆ కొద్ది వారాలూ పొద్దు పొడిచేసరికి కెమెరా పట్టుకుని ఇసుకలో ఉండేవాణ్ని. నా ఫొటోలు చూసినవాళ్లంతా అచ్చం క్యాలెండర్‌లా ఉందనేవారు. మెచ్చుకోలే కదా అని చాలాకాలం సంతోషించాను.

రాజేశం నస్పూర్‌లో బొగ్గుబావి కార్మికుడు. నాకంటే పదేళ్లు చిన్న. నా పాత కెమెరా కొనుక్కుని, సెలవు దొరికితే నా వెంట నదికి వచ్చేవాడు. ఏ బటన్ ఎందుకో నేనే నేర్పాను. ఆ గర్వం ఉండేది నాకు. తొందరగానే పోయింది.

ఒక సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున ఇద్దరం ఒకే ఒడ్డున నిలబడ్డాం. నేను నలభై ఫొటోలు తీశాను. అతను నాలుగో ఐదో. స్టూడియోకొచ్చి కంప్యూటర్‌లో చూస్తుంటే, అతనివాటిలో ఒకదాని దగ్గర ఆగిపోయాను. ఫొటో నిండా నది. మనిషన్నవాడు లేడు. కింద మూలన, ఇసుకకు అంటుకుపోయి, నీళ్లలో వదిలిన ఏ బతుకమ్మ నుంచో రాలిన నాలుగు తంగేడు పూలూ రంగు వెలిసిన ఒక గునుగు పువ్వూ. అంతే. ముందురోజు అక్కడ ఎంతమంది ఆడారో, ఎవరు ఎవర్ని తల్చుకుని పాడారో, అందరూ ఇళ్లకు పోయాక నది ఎలా మిగిలిందో, అంతా అందులో ఉంది. ఆ పూలు నేనూ చూశాను. తొక్కకుండా పక్కకు జరిగి మరీ నా ఫొటో తీసుకున్నాను.

కుళ్లుకున్నాను. ఇంకో మాట వెతకను. ఇరవై ఏళ్లుగా ఆ ఒడ్డున నిలబడ్డ నాకు తట్టనిది, నిన్నగాక మొన్న నా దగ్గర కెమెరా పట్టుకోవడం నేర్చినవాడికి ఎలా తట్టింది, తట్టాక ఇంకేమీ కలపకుండా ఊరుకోవాలని అతనికి ఎవరు చెప్పారు అని లోపల రగిలిపోయాను.

దాన్ని కరీంనగర్‌లో ఒక పోటీకి పంపాలనుకున్నాడు. వాళ్లడిగిన సైజు వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. ఎక్కడో ఒకచోట కోయాల్సిందే. పైన బోలెడంత ఖాళీ ఆకాశం ఉంది. అక్కడ కోస్తే ఫొటోకు ఏమీ కాదు. నేను కింద కోశాను.

“కింద చెత్త పడ్డది తమ్మీ, తీసేస్తున్న,” అన్నాను.

“గది చెత్తనా అన్నా? నాకైతే ముందుగాల గా పూలే కనవడ్డయి.”

“చూసెటోళ్ల కన్ను నది మీదికి పోవాలె. మూలలు ఎప్పుడైనా సాఫ్ ఉండాలె.”

అతను తెర మీద ఆ మూలను ఇంకోసారి చూశాడు. “సరే అన్నా. నీకెర్కలేనిదా,” అన్నాడు.

ఆ ఫొటోకు బహుమతేమీ రాలేదు. అక్కడితో అయిపోతే నేనిది రాసేవాణ్ని కాదేమో. ఒక పోటీ పోతే ఏమవుతుంది? కానీ రాజేశం తన కంటిని పక్కనపెట్టి నా మాట నమ్మాడు. ఇప్పుడు ఫొటో తీసేముందు ఒడ్డంతా తిరిగి పుల్లలు, ఆకులు, ఎవరో వదిలేసిన చెప్పు, అన్నీ ఏరి పారేస్తాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు కూడా అదే చెబుతాడు, అన్న చెప్పిండని నా పేరు మీద. ఎన్నిసార్లు నిజం నాలుక చివరిదాకా వచ్చిందో. చెబితే మాత్రం ఆ చూపు తిరిగొస్తుందా? లేక తిరిగొస్తుందని భయపడే చెప్పలేదా?

మొన్న దసరా అయ్యాక వచ్చి ఈ ఏటి ఫొటోలన్నీ చూపించాడు. శుభ్రమైన నీళ్లు, శుభ్రమైన ఇసుక, నడిమధ్యన సూర్యుడు. ఒక్కొక్కటీ జరుపుతూ నా ముఖం వంక చూస్తున్నాడు. అన్నీ నేను తీసినట్టే ఉన్నాయి. బాగున్నాయన్నాను. పొంగిపోయాడు.

సిగ్గుపడ్డానని రాయాలని ఉంది. ఆ పూట నాకు హాయిగా అనిపించింది. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి అతని పక్కన నిమ్మళంగా కూర్చుని చాయ్ తాగాను. ఎవరికీ చెప్పుకోలేకపోయింది ఇదే. చెప్పేశాను.