ఓవర్చర్‌కు లేచిన మోకాళ్లు

పోలీసు చర్య జరిగిన ఏడాది చలికాలంలో, బోయిగూడలోని మా చర్చా సమితి గదిలో "రాజుల సంగీతం మనకెందుకు?" అని గంటసేపు మాట్లాడాను. కార్యదర్శిని నేనే కాబట్టి ఆపేవాళ్లు లేరు.

నా కోపం ఒక మాస్టారి మీద. కోస్తా నుంచి వచ్చి బొల్లారం దగ్గర మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. నాలుగు వయొలిన్లు, నేల మీద ఆనించి వాయించే ఒక చెల్లో, ఒక హార్మోనియం ఆయన బృందం. ఆదివారం మధ్యాహ్నాలు మా గదిలో సాధన. వాళ్లు వాయించేది ఓవర్చర్ అనీ, రెండు మూడు వందల ఏళ్ల కిందట యూరప్‌లో రాజు దర్బారుకు వచ్చేటప్పుడు మోగిన బాణీ అనీ తెలిసిన రోజే నాకు ఒళ్లు మండింది. ఇక్కడ ఒక రాజ్యం ఇప్పుడే కూలింది. ఇంకొకడి పల్లకి మోయడమా? గది ఇవ్వొద్దన్నాను.

మాస్టారి ముఖం పాలిపోయింది. బడిలో సాధనకు చోటు లేదు. ఈ గది పోతే బృందం చెదిరిపోయినట్టే.

"ఒక్కసారి వినండి బాబూ. విన్నాక కూడా వద్దంటే సర్దుకుని వెళ్లిపోతాం," అన్నారు.

మా అధ్యక్షుడు రైల్వేలో ఫిట్టరు. "ఇనకుండనే ఫైసలా జేస్తే మనకూ జాగీర్దారుకూ ఫరక్ ఏందయా? ఇందాం. గప్పుడే ఓటు," అన్నాడు. మా గదిలో అవునని ఓటెయ్యడమంటే లేచి నిలబడటమే.

మరుసటి ఆదివారం నలభై మంది దాకా వచ్చారు. నేను చిట్టచివరి బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను.

మొదలైంది. ఒక స్వరాన్ని బాగా సాగదీయడం, పక్కదాన్ని తటుక్కున తెంపడం. గురువు, లఘువు, గురువు, లఘువు. అంబారీ మోసే ఏనుగు నడక. ముందు వరసలో ఒకాయన లేచాడు. ఆయన్ని చూసి గదంతా లేచింది. ఫిట్టరు టోపీ తీసి మరీ నిలబడ్డాడు. వాళ్లనేం అనగలం? సినిమా అయ్యాక కంటోన్మెంటులో ఇంగ్లండు రాజు పాటకు, హుసేన్ సాగర్ అవతల నిజాం పాటకు లేచి లేచి అరిగిన మోకాళ్లవి.

"కూర్చోండి! ఇక్కడ ఏ రాజూ లేడు!" అని కూర్చున్న చోటు నుంచే అరిచాను. ఒక్కరూ వినలేదు.

అంతలో నడక మారింది. ఏనుగు పోయి గుర్రాలొచ్చాయి. జనం బిక్కమొహాలతో ఒక్కొక్కరే కూర్చున్నారు. మొదటి వయొలిన్ ఒక చిన్న మాట అంది. రెండోది అదే మాట అందుకుంది. మొదటిది నోరు మూసుకోలేదు, పక్కనే ఇంకో మాట కలిపింది. మూడోది, నాలుగోది కూడా దూరాయి. అన్నీ ఒకేసారి మాట్లాడుతున్నా ఏదీ ఇంకోదాన్ని అణచడం లేదు. పదేళ్లు వాదసభలు నడిపిన నేను అలాంటి సభ ఒక్కటీ చూడలేదు. ఇక మిగిలింది చెల్లో. దానికి వంతు ఇస్తారా, ఇవ్వరా? హార్మోనియం అడ్డొచ్చి ఏమీ కనబడదే!

వచ్చింది. అదే మాట, పాతాళం నుంచి.

"కూసోవయా సెక్రటరీ! ఏ రాజొచ్చిండు?" ఫిట్టరు గొంతు.

చూసుకుంటే గదిలో నిలబడి ఉన్నది నేనొక్కణ్ణే. దబ్బున కూలబడ్డాను.

చివర్లో ఏనుగు నడక మళ్లీ వచ్చింది. జనం సగం లేచి, ఒకరి మొహాలొకరు చూసుకుని, నవ్వుకుంటూ కూర్చున్నారు.

మాస్టారు కమాను తుడుస్తూ నా దగ్గరికొచ్చారు. "మరి గది సంగతి?"

"సమితి చర్చించాలి," అన్నాను బింకంగా.

"ఇంకేం చర్చనయా? మేమందరం షురూల్నే లేస్తిమి. నువ్వు నడుమల లేస్తివి. ఓట్లన్నీ పడ్డయి," అన్నాడు ఫిట్టరు.

గది బృందానిదేనని ఏకగ్రీవ తీర్మానం. మినిట్స్ పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. కార్యదర్శి చెల్లో కనబడక లేచాడన్న సంగతి మాత్రం అందులో రాయలేదు.