వీల్‌చైర్ల బ్యాంకు

కుర్చీల మేస్త్రి విరిగిన వీల్‌చైర్లు బాగుచేసి, మంచాన పడ్డవాళ్లకు ఊరికే ఇచ్చేవాడు. అవసరం తీరాక వాళ్లు తిరిగి తెచ్చేవారు. ఆలోచన భార్యది. "తీసుకోవడం, తిరిగివ్వడం... బ్యాంకే కదా!" అని నవ్వి, 'వీల్‌చైర్ల బ్యాంకు' అని బోర్డు రాయించింది. చివరి రోజుల్లో తనూ అందులో ఒక కుర్చీలోనే కూర్చుని, కూర్చుని కన్నుమూసింది.

పెద్దాసుపత్రివాళ్లు పాత కుర్చీలన్నీ ఇస్తామన్నారు, రిజిస్టరైన సంస్థకైతేనే. మేస్త్రి రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెడితే పేరు దగ్గరే తిప్పికొట్టారు.

"బ్యాంకు అని పెట్టాలంటే పైవాళ్ల అనుమతి కావాలండీ," అంది ఆఫీసు గుమాస్తా. "జనం డబ్బు దాచుకునే చోటనుకుంటారు."

"కుర్చీల్లో డబ్బెవరు దాస్తారమ్మా?"

"మీ సంగతి వేరు. ఆ ఒక్క మాట తగిలించుకుని జనాన్ని ముంచినవాళ్లున్నారు."

బావమరిది పోరు పెట్టాడు. "తీసేయ్ బావా, ఏం పోయింది?"

"మీ అక్క పెట్టిన పేరురా!" మేస్త్రి కసిరాడు. బావమరిది కొట్టుకు రావడం మానేశాడు.

ఒక వాన మధ్యాహ్నం ముసలావిడ ఒకతె లోపలికొచ్చింది. పక్క దుకాణంవాళ్లు కొత్తగా వేసిన రేకు చూరు మేస్త్రి బోర్డును సగం కప్పేసింది. రోడ్డు మీదికి 'బ్యాంకు' ఒక్కటే కనబడుతోంది. ఆవిడ సంచిలోంచి నోట్లకట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"దాచిపెట్టు నాయనా. ఇంట్లో ఉంటే మావాడు తాగేస్తాడు."

"ఇది బ్యాంకు కాదమ్మా."

"మరెందుకు రాశావు?"

మేస్త్రి నోట్లకట్టను తిరిగి ఆవిడ వైపు జరిపాడు.

"ఆ పెద్ద బ్యాంకులో కాగితాలడుగుతారు. నా దగ్గర లేవు. నీ ముఖం చూస్తే నమ్మకంగా ఉంది. రసీదు కూడా వద్దులే."

నా చోట మోసగాడెవడైనా ఉంటే ఈ డబ్బేమయ్యేది, అనుకున్నాడు మేస్త్రి. గొడుగు పట్టి ఆవిణ్ణి అసలు బ్యాంకుకు తీసుకెళ్లాడు. కాగితాలు లేందే కుదరదన్నారు. ఆవిడ ఆ సంచి కడుపుకు హత్తుకుని, వానలోనే ఇంటిదారి పట్టింది. ఇల్లెక్కడో అడగాలన్న ఆలోచన కూడా అతనికి తట్టలేదు. తర్వాత ఎన్నాళ్లు వెతికినా కనబడలేదు.

మర్నాడే బోర్డు దించాడు. 'వీల్‌చైర్ల సేవా కేంద్రం' అన్న పేరుకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆసుపత్రి వ్యాను వచ్చిన రోజు, పిలవకుండానే బావమరిది వచ్చి కుర్చీలు దించాడు.

"ఈ పేరు వింటే మీ అక్క నవ్వేదిరా," అన్నాడు మేస్త్రి.

"నవ్వేదా? తిట్టేది."

మేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు. "బ్రేకుల్లేనివి అటు పెట్టు," అన్నాడు.