పట్టీ పైన గుంత

వరంగల్ స్టేషన్ వెయిటింగ్ రూంలో నా పక్కన కూర్చున్నావిడ తాళాల గుత్తికి రైఫిల్ తూటా ఖాళీ గొట్టం వేలాడుతోంది. ఇత్తడిది, అడుగున మందపాటి పట్టీతో తళతళలాడుతోంది.

"బాగుందక్కా" అన్నాను.

ఆమె కస్సుమంది. "ఏం బాగుంది? మెరుస్తాందనా?"

గాజుకున్న పిన్నీసు తీసి, కొనను పళ్లతో వంచి నా చేతిలో పెట్టింది. "లోపల గీకి చూడు."

గీకాను. పట్టీకి కాస్త పైన కొన దేనికో తట్టుకుని ఆగింది.

"గుంత దొరికిందా? మా ఆయన రైఫిల్ క్లబ్బుల కాల్చేటోడు, ఖాళీ గొట్టాలల్ల ఇంట్లనే మళ్ల మందు నింపుకునేటోడు. పేలినంక గొట్టం ఉబ్బుతది. మళ్ల మందు నింపాల్నంటే అచ్చుల జర నొక్కితే చాలు. ఆయన ప్రతిసారి కొత్తదాని లెక్క అయ్యేదాక నొక్కిండు. పేలినప్పుడల్ల సాగి సాగి ఆడ పల్చవడ్డది. పిన్ను పెట్టి చూడుమని మొత్తుకున్న. 'మందం పట్టీ ఉంది కదనే, ఏంగాదు' అన్నడు."

"ఏమైంది?"

"దీంతోటిది ఒకటి కాల్చేటప్పుడు ఆడనే తెగి, నిప్పు ఎగజిమ్మి ఆయన కుడికన్ను పోయింది. క్లబ్బోళ్లు దవాఖానకొచ్చి గూడ, పైకి బాగనే ఉండె గదమ్మా అంటాండ్రు!"

ఆమె బండి వచ్చింది. పిన్నీసు తిరిగి ఇవ్వబోయాను.

"ఉంచుకో" అంది, కోపంగానే. "ఎవడన్న ఏంగాదంటే పనికొస్తది."

అది నా పర్సులోనే ఉంది. ఇంతవరకు దాని కొనను సరిచేయలేదు.