మా అమ్మ భజన బృందానికి నేను పోసిన ద్రాక్షారిష్టం

మా అమ్మ పరువును చోడవరం మెయిన్ రోడ్డు మీద, పట్టపగలు, నేను ఒక్కణ్ణే ఎలా గంగలో కలిపానో ఇప్పుడు చెబుతాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ వేళ రోడ్డంతా నవ్వింది.

ముందు అమ్మ సంగతి తెలియాలి. మా వీధి చివర వైన్ షాపు పెడతామని ఎవరో బోర్డు తగిలిస్తే, తన భజన బృందాన్ని వెంటేసుకుని వెళ్ళి, షట్టరు ముందు తాళాలు వాయిస్తూ కూర్చుని, పెట్టినవాళ్ళ చేతే బోర్డు దింపించిన మనిషి ఆవిడ. సరిగ్గా ఆవిడ కొడుక్కే, అంటే నాకు, వైన్ పిచ్చి పట్టింది.

పిచ్చి అంటే తాగుడు కాదండీ, జ్ఞానం! ఉద్యోగానికి రోజూ అనకాపల్లి బస్సులో వెళ్ళి వస్తూ ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి. ధరకీ రుచికీ సంబంధం లేదనీ, నేల మారితే ద్రాక్ష రుచి మారుతుందనీ ఒకాయన చెబుతుంటే ఒళ్ళు పులకరించింది. ఇది మాకు తెలియని సంగతా? బెల్లం వండే సీమ మాది, మావాళ్ళు బెల్లం ముక్క నాలిక మీద వేసుకుని ఇది రావికమతానిది, ఇది రోలుగుంటది అని చెప్పేస్తారు. ఆ లెక్కన నేను పుట్టుకతోనే వైన్ పండితుణ్ణని తీర్మానించుకున్నాను.

ఇక జీతం రాగానే విశాఖ వెళ్ళడం, ఒక పెద్ద షాపులో ఎవరూ చూడని అడుగు అర ముందు గొంతుక్కూర్చుని సీసాలు వెతకడం. నాసిక్‌లో ద్రాక్ష అమ్ముడుపోక తానే వైన్ చేయడం మొదలెట్టిన రైతుది ఒకటి దొరికింది. నంది కొండల దగ్గర భార్యాభర్తలిద్దరు నడుపుకునే చిన్న తోటది ఇంకొకటి. ఇంటిల్లిపాదికీ బిర్యానీ తెచ్చేంత ఖర్చులో అంత మంచి వైనా అని పొంగిపోయాను.

కొన్నాను సరే, ఇంట్లో ఎక్కడ పెట్టను? అప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేసింది. మా నాన్న దగ్గుకి వాడి పడేసిన ద్రాక్షారిష్టం సీసాలు అటక మీద ఉన్నాయి. అదీ ద్రాక్షే, ఇదీ ద్రాక్షే. రంగూ దాదాపు ఒకటే. వైన్ అందులో పోసి, దర్జాగా అలమారలో పెట్టాను.

"ఏటిరా నాగేసూ ఇది?" అంది అమ్మ.

"ద్రాక్షారిష్టం అమ్మా. ఈ మధ్య నీరసంగా ఉంటోంది."

"గిన్నెడన్నం తింటన్నావు, నీకు నీరసమేటిరా?" అందే గానీ, తల్లి మనసు కదా, నమ్మేసింది.

శనివారం ఒంటిపూట పని కావడంతో మధ్యాహ్నమే నేను బస్సు దిగి వచ్చేసరికి మా ఇంట్లో భజన ఆకాశాన్ని అంటుతోంది. ఎప్పుడూ పాట సగంలో దగ్గుతో ఆగిపోయే అప్పలనర్సమ్మ అత్త ఆ వేళ కళ్ళు మూసుకుని రాగం తీస్తోంది. ఆవిడ పక్కన నా సీసా!

"మీ గుంటడి సీసా మంచిదొదినా, ఒక్క మూతతో గొంతు తెరుసుకుంది!" అంది అత్త.

తరవాతి శనివారానికి బృందంలో ప్రతివారికీ నీరసం వచ్చేసింది. కాదనడానికి నోరు రాలేదు. నాసిక్ అయిపోతే నంది కొండలు పోసిపెట్టాను. నోట్లో పోసుకుని వాళ్ళు చెప్పిన మాటలు వినండి.

"పోయిన వారందే బాగుందర్రా. ఇది కూసింత వగరు."

"వగరైతేనేటి? ఎనకాల తియ్యగా వస్తంది సూడు. ఎర్రమట్టి నేల బెల్లం లాగ," అంది సత్యవతి పిన్ని.

నేను నోరు తెరిచాను. ఆ తోట నిజంగా ఎర్రమట్టి నేలలోదే!

ఆనందంతో పాటు భయమూ పట్టుకుంది. వైన్ షాపు మూయించిన మనిషి తన చేత్తో భజనలో వైన్ పంచుతోందని ఊరికి తెలిస్తే? అమ్మ మళ్ళీ తలెత్తుకుని ఆ వీధిలో నడవగలదా? ఇక ఆపేయాలనుకుని, మెయిన్ రోడ్డు మీద సీతారామయ్య గారి ఆయుర్వేదం కొట్లో అసలు ద్రాక్షారిష్టం కొని తెచ్చి అలమారలో పెట్టాను. పాపం కడిగేసుకున్నంత తేలికైంది ప్రాణం.

ఆ శనివారం ఒక మూత తాగి అప్పలనర్సమ్మ అత్త మొహం చిట్లించింది.

"ఒదినా, ఇది దొంగ సరుకు. బెల్లం పాకం కలిపేసేరు. అదీ మంచి బెల్లం కాదు."

"ఎక్కడ కొన్నావురా?" అంది అమ్మ.

"సీతారామయ్య గారి కొట్లో," అని నా నోరు జారింది.

అమ్మ కొంగు నడుముకి చుట్టింది. "జబ్బుపడ్డోళ్ళకి నకిలీ అమ్ముతన్నాడా? పదండర్రా!" ఒక చేతిలో కొత్త సీసా, ఇంకో చేతిలో అడుగున కాస్త మిగిలిన పాత సీసా. "రెండూ పక్కపక్కన పెట్టి అడుగుదాం!"

"అమ్మా, ఎండగా ఉంది. రేపెళ్దాం. ఆయన ఊళ్ళో లేరంట," అంటూ నేను వెనక పరిగెత్తాను. ఎవరు వింటారు? తాళాలు చేతుల్లోనే ఉంచుకుని బృందమంతా కదిలింది. షేర్ ఆటోలు ఆగిపోయాయి.

సీతారామయ్య గారు గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి. అమ్మ పాత సీసా ఆయన ముక్కు కింద పెట్టి, "ఇది అసలుది! వాసన సూసి సెప్పండి, తేడా లేదేటి?" అంది.

ఆయన వాసన చూశారు. మళ్ళీ చూశారు. అమ్మ మొహం చూశారు, తాళాలు చూశారు. ఆయనకి అంతా అర్థమైపోయింది. సీసాకి మూత బిగించి, "నాదే పొరపాటు అయ్యుంటుందమ్మా," అన్నారు మెల్లగా.

"ఒప్పుకున్నాడు! ఒప్పుకున్నాడు!" అని జనంలోంచి ఎవరో అరిచారు. ఇంకెవరో ఫోను పైకెత్తారు. అమ్మ పరువు కోసం ఆయన తన కొట్టు పరువు ఇచ్చేస్తున్నారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఆయన తప్పేం లేదమ్మా," అన్నాను. "కొత్తదే అసలు ద్రాక్షారిష్టం. పాతది నేను పోసిన వైను."

గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు లారీ డ్రైవరు హారన్ కొట్టడం మానేసి కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఎప్పటి నుంచిరా?" అంది అమ్మ.

"మొదటి మూత నుంచీ."

"అయితే మొన్న నేను తీసిన రాగం..." అంది అప్పలనర్సమ్మ అత్త.

"నాసిక్ అత్తా."

రోడ్డంతా గొల్లుమంది. అమ్మ మాత్రం నవ్వలేదు. సీతారామయ్య గారికి రెండు చేతులూ జోడించి, "తప్పైపోయింది బాబూ, మన్నించండి," అంది. మా అమ్మ అలా తలవంచడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

తరవాత చేతిలోని సీసా వంక చూసుకుని, "వీధి సివర షాపు మూయించేను. నడింట్లో నేనే తెరిసేనన్నమాట!" అంది.

"అందుకే గదొదినా, భజనకి ఒక్కరూ మానలేదు!" అంది అత్త. అప్పుడు అమ్మ పెదవి చివర కాస్త కదిలింది. నా ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి వెళ్ళగానే కర్పూరం వెలిగించి, బృందమంతటినీ సాక్ష్యం కూర్చోబెట్టి, నాచేత ప్రమాణానికి చెయ్యి చాపించింది. ఇక ఈ జన్మలో ఆయుర్వేదం సీసాలో వైన్ పోయను, అది ఎంత మంచి తోటదైనా, ఎంత చవగ్గా దొరికినా పోయను, బెల్లం తిని పెరిగిన నాలుకలని మోసం చేయబోను అని గంభీరంగా అందుకున్నాను.

"ఆగరా నాగేసూ," అంది వెనక నుంచి సత్యవతి పిన్ని. "ఆ ఎర్రమట్టిది ఏ ఊరిదో అది మట్టుకు సెప్పి, అప్పుడు ఒట్టెయ్యి."