రాముడి అంగుళం

మా ఫౌండ్రీలో రాముడి స్కేలు ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే తిట్టడు. మెల్లగా చేతిలోంచి తీసుకుని, భుజం మీది తువ్వాలుతో తుడిచి, కాన్వాసు ఒరలో పెట్టి మేకుకి తగిలిస్తాడు. ఆ తుడవడం చూస్తే తిట్టినా బాగుండునని అనిపిస్తుంది.

నేను పక్క షెడ్డులో లేత్ మీద పని చేస్తాను. పేరు జగన్నాధం. రాముడికీ నాకూ చుట్టరికం ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా ఒకే కుండీ దగ్గర చేతులు కడుక్కుంటున్నాం కాబట్టి నన్ను బావ అంటాడు. విజయనగరం పొలిమేరలో మాది చిన్న ఫౌండ్రీ. జూట్ మిల్లుల యంత్రాలకి విడిభాగాలు పోత పోస్తాం.

కరిగిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకని ఇసుకలో అచ్చు తీయడానికి చేసే చెక్క నమూనా, కావలసిన సైజు కన్నా కాస్త పెద్దదిగా ఉండాలి. కొలత కొలతకీ లెక్క కట్టి కలపడం ఎవరివల్ల అవుతుంది? ఎవరో బుద్ధిమంతుడు స్కేలునే సాగదీసి గీతలు గీశాడు. మా నమూనాలు చెక్కే రాముడి స్కేలు ఆ రకం. దాని మీద అడుగు, లోకంలోని అడుగు కన్నా అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. చూడ్డానికి మాత్రం మామూలు స్కేలే. ఖరగ్‌పూర్‌లో పని నేర్పిన గురువు చేతికిచ్చాడట. భోగాపురం వైపు సముద్రపొడ్డున పుట్టినవాడు రాముడు. తండ్రి తెడ్డు ఇస్తానంటే, వద్దని పడవలు బాగుచేసే ఉలి పట్టుకుని రైలెక్కాడు. మిగిలిన సంగతులు అతను చెప్పడు, మనం అడగం.

ఆ స్కేలుతో ఒక్కసారి అభాసుపాలయ్యాడు. సొంత ఇల్లు కట్టుకుంటూ గుమ్మాన్ని తాపీమేస్త్రి టేపుతో కొలిచి, తలుపు చెక్కని తన స్కేలుతో కొలిచి కోశాడు. గృహప్రవేశం పొద్దున తలుపు గుమ్మంలో పట్టలేదు. నారాయణమ్మ, అంటే అతని భార్య, నలుగురిలో నడుంమీద చేయి వేసుకుని, "ఏటయ్యా, ఇంటికి సేసినావా తలుపు, గోదాముకి సేసినావా?" అంది. ఇప్పటికీ ఆ తలుపు కింద అంచు వంకరగానే ఉంటుంది. నేను వెళ్లినప్పుడల్లా దానికేసి చూసి దగ్గుతాను. అతను మంచినీళ్లు తెమ్మంటాడు.

పోయిన ఏడాది మా యజమాని ఉదయభాస్కర్ గారు ఒక త్రీడీ ప్రింటరు కొన్నారు. దాంతోపాటు విశాలి అనే అమ్మాయిని డిజైన్ ఇంజనీరుగా పెట్టుకున్నారు. శృంగవరపుకోటలో సంగీతం పాఠాలు చెప్పుకునే ఇంటి పిల్ల. ఇంటిల్లిపాదీ వీణ, వయొలిన్ అంటుంటే ఈ పిల్ల ఇనుమంది. రాముడు పది రోజులు చెక్కే నమూనాని కంప్యూటర్లో ఒక పూట గీసేది. ప్రింటరు రెండు రోజులు గీరుకుంటూ కూర్చుని తెల్లటి ప్లాస్టిక్ నమూనా చేసి పెట్టేది. నాకది చూస్తే ఒళ్లు మండేది. దాచుకోను.

"ఇంక రోజూ రానక్కర్లేదులే రాముడూ, వారానికి మూడు రోజులు చాలు," అన్నారు యజమాని. రాముడు తలూపాడు. ఆ రోజు స్కేలుని రెండుసార్లు తుడిచాడు.

శ్రావణంలో ఒక మిల్లు నుంచి పెద్ద గుండ్రటి కేసింగులు నాలుగు అర్జెంటుగా కావాలని వచ్చింది. బయటి నమూనా ప్రింటరు చేసింది. లోపలి డొల్ల కోసం ఇసుక దిమ్మ పోసే పెట్టె మాత్రం ప్రింటరులో పట్టనంత పెద్దది. విశాలి కొలతలు కాగితం మీద తీసి ఇచ్చింది, రాముడు చెక్కతో చేశాడు. పోత పోశారు. నాలుగూ నా లేత్ మీదకి వచ్చాయి.

మొదటిదాన్ని బిగించి, టూలు లోపలికి పంపాను. ఇనుముకి తగలలేదు. ఇంకా జరిపాను. తగిలేసరికి కొలత దాటిపోయింది. లోపలి రంధ్రం ముందే పెద్దది, చెక్కడానికి దళమే లేదు. నాలుగూ అంతే. నాలుగూ మళ్లీ కొలిమిలోకి పోవలసినవే.

విశాలి కంప్యూటరు ముందు కూర్చుని మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా వెతికింది. ఎక్కడా తప్పు లేదు. మిల్లువాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. యజమానికి కోపం నషాళానికి ఎక్కింది. "ఈ ప్రింటరు తిప్పి పంపేస్తాను. నువ్వూ ఈ నెలాఖరుకి ఇంకో చోటు చూసుకోమ్మా. రాముడూ, రేపట్నుంచి రోజూ రా," అన్నారు అందరి ముందూ.

నాకు ఆ క్షణంలోనే వెలిగింది. కంప్యూటరు కాగితం మీద కుంచింపు కలిపేసిన కొలతలే ఇచ్చి ఉంటుంది. రాముడు దాన్ని తన స్కేలుతో కొలిచి ఇంకోసారి పెంచాడు. ఇసుక దిమ్మ పెరిగితే లోపలి డొల్లా పెరుగుతుంది. తలుపు కథే. తెలిసీ నోరు మూసుకున్నాను. ప్రింటరు పీడ పోతుంది, రాముడు రోజూ వస్తాడు, నా ప్రపంచం నాకు దక్కుతుంది. ఆ పిల్లకేం, చదువుకున్నది, ఇంకో చోట దొరుకుతుందిలే అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సాయంత్రం కుండీ దగ్గర విశాలి మొహం కడుక్కుంటోంది. ఎంతసేపు కడిగినా కళ్లు ఎర్రగానే ఉన్నాయి. రాముడు పక్కన నిలబడి చేతులు కడుక్కుని, సైకిలెక్కాడు.

మర్నాడు అందరికన్నా ముందు వచ్చాడు. యజమాని గదిలోకి విశాలినీ నన్నూ పిలిచాడు. మేకు మీది స్కేలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నా మామూలు స్కేలు అడిగి దాని పక్కన పెట్టి, ఒక కొస సమంగా కలిపాడు.

"అటు కొస సూడండి బాబూ."

యజమాని వంగి చూశారు. రెండో కొసన గీతలు కలవలేదు. వాటి మధ్య రెండు రూపాయి బిళ్లల మందం తేడా.

"నా స్కేలు ఇలాగే ఉంటాది. ఇనుము ముడుసుకుపోతాదని. పిల్ల ముందే పెంచి ఇచ్చినాది. నాను మల్లీ పెంచేసినాను. రాత్రి ఇంటికెల్లి తలుపు తీస్తే తెలిసినాది. తప్పు కంప్యూటరుది నేదు, నాది."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?" అన్నారు యజమాని.

"ఎవులూ అడగనేదు బాబూ. ఇదొక్కటే కదా నా కాడ ఉన్నాది."

విశాలి గబుక్కున ముందుకొచ్చింది. "తప్పు నాదీ ఉంది మేస్త్రీ గారూ. పెంచిన కొలత అని కాగితం మీద రాయలేదు. ఇలాంటి స్కేళ్ల గురించి పుస్తకంలో చదివాను. ఇంకా ఎవరైనా వాడతారని అనుకోలేదు."

"అన్ని కాడలా ఒకేలా ముడుసుకోదమ్మా. లావు కాడ ఒకలా, పల్సన కాడ ఒకలా. మన ఇసకలో అయితే మరీని. నీ డబ్బాకి తెలుసా అది?"

"తెలీదు. చెబుతారా?"

రాముడు నాకేసి చూశాడు. నేను తల దించుకున్నాను. నాకు తెలిసి ఊరుకున్నానని అతనికి తెలుసు. ఆ తలుపు చూసి ఇన్నేళ్లు దగ్గినవాణ్ని కదా.

ప్రింటరు ఉండిపోయింది. విశాలీ ఉంది. రాముడు మళ్లీ వారానికి మూడు రోజులే వస్తున్నాడు. వచ్చినప్పుడు ఆమె పక్కన కుర్చీ వేసుకుని, తెర మీద వేలు పెట్టి ఇక్కడింత, అక్కడంత అని చెబుతాడు, ఆమె అంకెలు మారుస్తుంది. మొన్నటి కేసింగు నా లేత్ మీద అద్దంలా తెగింది. పాడు ప్రింటరు, మెచ్చుకోక తప్పలేదు.

పాత స్కేలు ఒరలోనే వేలాడుతోంది. పోయిన వారం రాముడు గంటస్తంభం దగ్గర కొట్లో కొత్త మామూలు స్కేలు కొనుక్కుని తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. సరైనదో కాదో నా స్కేలు పక్కన పెట్టి చూడమన్నాడు. చూశాను. గీతకి గీత కలిసింది.

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో ఒక్క అంగుళం మీద తడిమాడు.

"ఏటి బావా, మీ అందరి అంగుళం ఇంత పొట్టిదా?" అన్నాడు.