కిటికీ కింది మేత

ఆ ఉదయం గూట్లో కాంపౌండర్ చేతికి తగిలింది మళ్లీ తోలుగుడ్డే. పెంకు లేని పొర అరచేతిలో మెత్తగా వంగింది. పక్క గూట్లో ఇంకో గుడ్డు పగిలి గడ్డికి అంటుకుని ఉంది. దాన్ని పొడుచుకు తిన్నదెవరో కనిపెట్టడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు, నల్లపెట్ట ముక్కున పచ్చసొన ఇంకా ఆరలేదు.

"తిను తల్లీ, తిను. నీ గుడ్డు నువ్వే తిను. దాణా మోసుకొచ్చే గాడిదను నేనున్నానుగా," అన్నాడు. నల్లపెట్ట తల వంచి ఒక కంటితో చూసి, తన పని తాను చూసుకుంది.

తొమ్మిది పెట్టలు. వారం మొత్తానికి చేతికొచ్చిన మంచి గుడ్లు మూడు. తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. మేత విషయంలో తనను వేలెత్తి చూపించమనండి ఎవరినైనా! ముప్ఫై నాలుగేళ్లు ఆసుపత్రి మందుల కిటికీ వెనక నిలబడి సీసాలో గీత వరకు మందు పోసి, ఒక చుక్క ఎక్కువా కాకుండా ఒక చుక్క తక్కువా కాకుండా ఇచ్చిన చెయ్యి అది. రిటైరయ్యాక మందులు పోయాయి గాని కొలత పోలేదు. కోడికి రోజుకు నూట ఇరవై గ్రాముల చొప్పున లేయర్ దాణా తక్కెడలో తూచి వేస్తాడు. గుడ్డు పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో పెడతాడు. దాణాలో కలిపేస్తే అక్కర్లేని కోడి కూడా మింగి పాడవుతుందని ఆయన పట్టుదల. పూటపూటకూ నీళ్లు మారుస్తాడు. పదకొండింటికి ఆకుకూర తుంపులు, సాయంత్రం గుప్పెడు గింజలు, అంతే. ఇంట్లో మిగిలినవీ పాచిపోయినవీ పెరట్లో పడటానికి వీల్లేదు. ఇదంతా స్కేలుతో గీతలు గీసి, కాగితం మీద రాసి, వంటింటి తలుపుకు అంటించాడు.

ఆ కాగితం పక్కనే ఇంకో కాగితం ఉంది. అదే చేతిరాత, అవే గీతలు. అది అక్క తిండి.

అక్కకు రెండు నెలల కింద కడుపు ఆపరేషన్ అయింది. ఆమె ఒక హాస్టల్లో ముప్ఫై ఏళ్లు వంట చేసి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు గరిటె వదలని మనిషి. ఇప్పుడు వెనక గదిలో, పెరటి కిటికీ పక్క మంచం మీద, దుప్పటి కింద ఉందో లేదో అన్నట్టుంది. మళ్లీ చూపించుకునేలోపు మూడు కిలోలన్నా పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చి గొట్టం వేయాల్సిందేనని డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు. రోజూ గుడ్డు పెట్టమన్నాడు. అక్కేమో దుకాణం గుడ్డు ముట్టనంది. హాస్టల్‌కు వచ్చిన పెట్టెల్లో ఎన్నెన్ని కుళ్లినవి ఏరి పారేసిందో ఆమెకు తెలుసట. మన పెరటి గుడ్డయితే తింటానంది. కాంపౌండర్‌కు చిన్నప్పటినుంచీ గుడ్డు వాసనే పడదు, ఉడుకుతుంటే వీధిలోకి వెళ్లి నిలబడతాడు. అలాంటివాడు అక్క కోసం తొమ్మిది పెట్టల్ని తెచ్చి నెత్తిన పెట్టుకున్నాడు. అవేమో తోలుగుడ్లు పెడుతున్నాయి.

ఇంకో పక్క ఆదివారం ఆదివారం అక్కను తూకం మీద నిలబెడుతున్నాడు. పోయినవారం అరకిలో తగ్గింది. గిన్నెలు మాత్రం పూటపూటా ఖాళీగానే బయటికి వస్తున్నాయి. తిన్నది తిన్నట్టు ఏమైపోతోందో ఆయనకు అంతుపట్టలేదు. అటు కోళ్లూ ఇటు అక్కా కూడబలుక్కుని తన మీద కక్ష గట్టారేమో అనిపించింది.

దాణా సంచి భుజానేసుకుని నేరుగా కొట్టుకు వెళ్లాడు.

"ఏమయ్యా, ఇందులో రంపపు పొట్టు కలుపుతున్నావా?"

కొట్టాయన లెక్కచేయలేదు. ఇలాంటి వాళ్లను రోజుకు నలుగుర్ని చూస్తాడు. "దాణా మిగుల్తోందా?" అని అడిగాడు.

"మిగుల్తోంది. సగం తిని వదిలేస్తున్నాయి."

"కోళ్లు బక్కచిక్కాయా?"

"బక్కచిక్కడమా? ఒక్కోటీ మోయలేనంత బరువుంది."

"అయితే నా దాణా మీద పడతావేంటి సార్? ఎవరో అడ్డమైనవీ పెడుతున్నారు. వాటితో కడుపు నిండిపోతే దాణా తినవు, ఆల్చిప్పలూ తినవు. కొవ్వు పడుతుంది, పెంకు పోతుంది. పొద్దున గూడు తీయగానే మెడ కింద మేత సంచి తడిమి చూడండి. మళ్లీ పదింటికి చూడండి. మీకే తెలుస్తుంది."

తప్పు తనది కాదని తేలినందుకు సంతోషించాలో, తన పెరట్లో ఇంకొకడి చెయ్యి పడిందని మండిపడాలో తెలియక, కాంపౌండర్ సంచి మళ్లీ భుజానేసుకుని వచ్చాడు.

మర్నాడు పొద్దున గూడు తీసి నల్లపెట్టను పట్టుకుని మెడ కింద తడిమాడు. ఖాళీ. దాణా వేశాడు. ఏడున్నరకు అక్కకు జావ ఇచ్చాడు, ఎనిమిదిన్నరకు మెత్తగా కలిపిన అన్నం ఇచ్చాడు. మంచం పక్క బల్ల మీద గిన్నె పెట్టి, గడియారం చూసి, "వేడిగా ఉండగానే తినెయ్," అని రావడం ఆయన అలవాటు. తర్వాత వంటిల్లు సర్దుకుని, తనకు ఉన్నదేదో పొయ్యి దగ్గరే నిలబడి తిని, గిన్నె కడుక్కుంటాడు. పదింటికి మళ్లీ నల్లపెట్టను పట్టుకున్నాడు. మేత సంచి బంతిలా ఉబ్బి ఉంది, మెత్తగా వేలికి నొక్కుకుపోతోంది. దాణా తొట్టి మాత్రం నిండుగానే ఉంది.

ఆయన కళ్లు వెంటనే పక్కింటి గోడ మీదికి వెళ్లాయి. పక్కింట్లో ఉండేది కుళాయిలు బాగుచేసే ప్లంబర్. ఆ సమయానికి గోడవతల పళ్లు తోముకుంటూ దొరికిపోయాడు.

"నా కోళ్లకు ఏం పడేస్తున్నావు నువ్వు?"

"నేనా? మా ఇంట్లో మాకే మిగలట్లేదు బాబాయ్. మీ కోళ్లకు పెట్టేంత జాలి గుండె నాకెక్కడిది?" నురుగు ఉమ్మి, కాస్త గొంతు తగ్గించాడు. "అయినా గోడవతల వాడిని అడిగేముందు ఓసారి మీ ఇంటి కిటికీ చూసుకోండి."

ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. మర్నాడు జావ గిన్నె బల్ల మీద పెట్టి, గడియారం చూసి, ఎప్పటిలాగే "తినెయ్," అని, వంటింట్లోకి పోకుండా దొడ్డిదారిన వెళ్లి నీళ్ల ట్యాంకు వెనక నిలబడ్డాడు.

కోళ్లకు ఆ వేళ తెలుసు. దాణా తొట్టి వదిలేసి తొమ్మిదీ ఒకదాన్నొకటి తోసుకుంటూ కిటికీ కిందికి చేరాయి. కిటికీ రెక్క తెరుచుకుంది. ఎముకలు తేలిన చెయ్యి బయటికొచ్చి చెంచాతో జావ వంచింది. "మెల్లిగా, మెల్లిగా. అందరికీ ఉంది. ఏయ్ నల్లదానా, నీకు పొద్దున్నే ఏం రోగం వచ్చింది, పక్కదాన్ని తిననివ్వు," అంటోంది అక్క. ఆ గొంతులో ఎన్నాళ్లుగానో వినని హుషారు ఉంది.

కాంపౌండర్‌కు చిర్రెత్తుకొచ్చింది. ట్యాంకు వెనకనుంచి ఒక్క ఊపున వచ్చేసరికి కోళ్లు చెల్లాచెదురయ్యాయి.

"అక్కా! నీ కోసం నేను కోళ్లను మేపుతుంటే, నువ్వు నీ తిండి పెట్టి కోళ్లను మేపుతున్నావా? నీకేమన్నా మతి పోయిందా? ఆసుపత్రిలో పడి ఆ గొట్టం వేయించుకోవాలనుందా?"

అక్క చెంచా వెనక్కి తీసుకుంది. దొరికిపోయిన పిల్లలా కాదు, వంటింట్లో అడ్డొచ్చిన వాడిని చూసినట్టు చూసింది.

"అరవకు. లోపలికి రా."

లోపలికి వచ్చాడు. గిన్నెలో రెండు చెంచాల జావ మిగిలి ఉంది.

"ఇది నేను తింటాను. రోజూ ఈ మాత్రం తింటున్నాను," అంది. "మిగతాది పోవట్లేదురా. బొత్తిగా పోవట్లేదు."

"ఎందుకు పోదు? ఉప్పు లేదా? కారం కావాలా? డాక్టరు వద్దన్నాడు కాబట్టే—"

"అది కాదురా." దుప్పటి అంచు మడతపెట్టింది, విప్పింది. "ముప్ఫై ఏళ్లు రెండొందల మంది పిల్లలు తిని లేచాక కూర్చున్నాను. ఆఖరి పళ్లెం కడిగాకే నా ముద్ద. ఒక్కరోజన్నా ముందు తిన్నదాన్ని కాదు. ఇప్పుడు నువ్వేమో అందరికంటే ముందు నా మొహాన గిన్నె పెట్టి, టైం చూసుకుని పోతావు. నువ్వు తిన్నావో లేదో తెలియదు. ఎదురుగా ఎవరూ తినకుండా నోట్లోకి ముద్ద ఎలా పోతుంది? అవైనా నా కళ్లముందు తింటాయి. అవి తిన్నాక నాకూ రెండు చెంచాలు దిగుతాయి."

"ఈ మాట నాకు చెప్పొచ్చుగా?"

"ఏమని? వచ్చి నా ముందు కూర్చుని తినరా అనా? చంటిపిల్లనా నేను?"

కాంపౌండర్ వంటింటి తలుపు వైపు చూశాడు. కోపం పోలేదు, ఎవరి మీద పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు. తలుపు మీద రెండు కాగితాలు. గ్రాములూ గంటలూ అన్నీ ఉన్నాయి. తను ఎప్పుడు తినాలో ఎక్కడా లేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

వంటింట్లోకి వెళ్లి గిన్నెల చప్పుడు గట్టిగా చేస్తూ ఇంకో గిన్నె జావ పోసుకొచ్చాడు. కుర్చీ లాక్కుని, కిటికీ మూసి, ముఖం మాడ్చుకుని ఆమె ఎదురుగా కూర్చుని తిన్నాడు. అక్క ఆయన నోటివంకే చూస్తూ కూర్చుంది. "పలచనైందిరా," అంది. "తిను, తిను, ఇంకా అడుగున ఉంది." ఆయన గిన్నె గీకి చూపించాడు. అప్పుడు ఆమె తన గిన్నె అందుకుంది. బయట కోళ్లు కిటికీ చెక్క పొడిచి పొడిచి, విసిగి, తొట్టి దగ్గరికి పోయాయి.

అక్క పూర్తిగా గిన్నె ఖాళీ చేయడానికి వారం పట్టింది. కోళ్ల ఒళ్లు తగ్గడానికి ఇంకో రెండు వారాలు. ఆ తర్వాతి ఆదివారం తూకం మీద అక్క కిలో పెరిగింది. అదే రోజు నల్లపెట్ట గూట్లో దొరికిన గుడ్డు తొట్టి అంచుకు తట్టినా చెక్కుచెదరలేదు.

ఈసారి వీధిలోకి పోకుండా ముక్కు మూసుకుని ఉడికించాడు. ఒలిచి, ఉప్పు చిటికెడు చల్లి, చిన్న పళ్లెంలో అక్క ముందు పెట్టాడు. అక్క దాన్ని దారంతో రెండుగా కోసి, ఒక సగం ఆయన వైపు జరిపింది.

"నాకు పడదని తెలుసుగా నీకు!"

"తెలుసు," అంది అక్క, చేతులు ఒళ్లో పెట్టుకుని. "నాకు ఆకలిగా ఉంది. తొందరగా తిను."

కాంపౌండర్ తిట్టుకుంటూ కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు.